పై అంతస్తు అద్దె ఇల్లు, ఆరు వేల రూపాయలు, చెన్నై ఎండాకాలం

ప్రశ్న: మాది నంద్యాల. మావారి ఉద్యోగం వల్ల రెండేళ్ళుగా చెన్నై అంబత్తూరులో అద్దెకు ఉంటున్నాం. రెండో అంతస్తు, మా పైన డాబా తప్ప ఏమీ లేదు. ఒక హాలు, వంటిల్లు, పడమటి వైపు ఒక పడకగది. మా అత్తగారికి డెబ్బై రెండేళ్ళు, బాబుకు నాలుగేళ్ళు. ఎండలు ముదిరితే రాత్రి పన్నెండైనా గది చల్లబడదు, ఫ్యాను వేడిగాలి కొడుతుంది. పోయిన ఏడాది కూలర్ కొన్నాం. మా పుట్టింట్లో అలాంటి కూలర్‌తోనే హాయిగా పడుకునేవాళ్ళం, ఇక్కడ మాత్రం ఒళ్ళంతా జిడ్డు, పక్కబట్టలు చెమ్మ. పాత ఏసీ ఒకటి పద్నాలుగు వేలకు వస్తోంది, అప్పు చేసి కొందామని మావారు అంటున్నారు. పక్కింటివారు థర్మకోల్ సీలింగ్ వేయించమంటున్నారు. మా చేతిలో ఉన్నది ఆరు వేలు. ఏం చేయమంటారు? ఇల్లే మారడం మంచిదా?
– అంబత్తూరు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు నా అభిప్రాయం సూటిగా చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. ఈ ఏడాది ఏసీ కోసం అప్పు చేయకండి. థర్మకోల్ జోలికి అసలే వెళ్ళకండి. మీ ఆరు వేలలో మొదటి ఖర్చు డాబా మీద, రెండోది కిటికీల దోమతెరల మీద, మూడోది పడమటి గోడకు నీడ కల్పించడం మీద పెట్టి, ఏమైనా మిగిలితే అప్పుడు ఫ్యాను సంగతి చూడండి. ఈ వరుస తారుమారైతే డబ్బు అంతే ఖర్చవుతుంది గాని ఉపశమనం సగం కూడా దక్కదు.

కూలర్ సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే నంద్యాలకూ చెన్నైకీ ఉన్న తేడా అంతా అందులోనే ఉంది. కూలర్ ఇచ్చే చల్లదనం నీరు ఆవిరి కావడం వల్ల వచ్చేది. గాలి పొడిగా ఉన్నచోట నీరు చురుకుగా ఆవిరవుతుంది, ఆ ఆవిరయ్యే క్రమంలో గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. రాయలసీమలో ఏప్రిల్ మధ్యాహ్నం దండెం మీద వేసిన పంచె కాసేపటికే పెళపెళలాడుతూ ఆరిపోతుంది కాబట్టి అక్కడ కూలరైనా, నీళ్ళు చల్లిన వట్టివేళ్ళ తడికైనా అద్భుతంగా పనిచేస్తుంది. చెన్నైలో మధ్యాహ్నం తరువాత సముద్రం మీది నుంచి వచ్చే గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. దానిలోకి ఇంకా నీటిని పంపితే అది వేడిని తగ్గించలేదు సరికదా, మన ఒంటి మీది చెమటను కూడా ఆరనివ్వదు. మీరు చెప్పిన జిడ్డుకూ పక్కబట్టల చెమ్మకూ కారణం అదే. కిటికీలకు తడి దుప్పట్లు కట్టడం, రాత్రిపూట నేల తడపడం కూడా మూసి ఉన్న గదిలో ఇదే పని చేస్తాయి, కాబట్టి వాటిని మానండి.

అలాగని కూలర్‌ను అటక మీద పడేయనక్కరలేదు. మే నెలలో కొన్ని రోజులు పడమటి నుంచి భూమి మీది పొడిగాలి ఉదయం మొదలై మధ్యాహ్నం దాకా బలంగా వీస్తుంది. అలాంటి రోజుల్లో కూలర్‌ను కిటికీ ఎదుట, వెనుక భాగం బయటి గాలి వైపు ఉండేలా పెట్టి, ఎదురుగా ఉన్న తలుపో కిటికీయో తెరిచి ఉంచితే ఉపయోగం కనిపిస్తుంది. గాలి తూర్పుకు తిరిగిందని తెలియగానే నీటి పంపు ఆపేసి ఉత్త ఫ్యానుగా వాడుకోండి. దాని తొట్టిలో నీళ్ళు వారానికొకసారైనా పూర్తిగా పారబోసి, తుడిచి, ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలా నిలవ ఉన్న మంచినీటిలోనే.

ఇక మీ ఇంట్లోకి వేడి ఎక్కడి నుంచి వస్తోందో చూద్దాం. చెన్నై భూమధ్యరేఖకు ఉత్తరంగా 13 డిగ్రీల దగ్గర ఉంది. ఏప్రిల్ నాలుగో వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో మరొకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఈ ఊరికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య కాలమంతా కూడా నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే కర్తరి రోజుల్లో దక్షిణపు గోడ మీద ఎండ పడేది చాలా తక్కువ. దెబ్బంతా పైకప్పు తింటుంది, ఆ తరువాత ఉదయం తూర్పు గోడా, సాయంత్రం పడమటి గోడా తింటాయి. పడమటి గోడకు ఎండ తగిలే సమయానికి ఊరంతా ఎలాగూ వేడెక్కి ఉంటుంది కాబట్టి తూర్పు గోడ కంటే అది మనకు ఎక్కువ బాధ పెడుతుంది. మీ పడకగదికి పైకప్పూ పడమటి గోడా రెండూ ఉన్నాయి. ఇంట్లో అతి వేడి గదిలోనే మీరు పడుకుంటున్నారన్నమాట.

ఒక చిన్న పరీక్ష చేయండి. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి పది గంటలకు మరొకసారి, ఫ్యాను ఆపి, గట్టి స్టూలు మీద నిలబడి అరచేతిని పైకప్పుకు ఆనించండి. తరువాత పడమటి గోడకు, హాలులోని లోపలి గోడకు కూడా ఆనించి చూడండి. రాత్రి పదింటికి బయట వీధిలో గాలి కొంత చల్లబడినా మీ పైకప్పు మాత్రం వేడి కాపడం పెట్టినట్టు తగులుతుంది. మన కాంక్రీటు శ్లాబు మందం నాలుగైదు అంగుళాలు. పగలంతా పైనుంచి పీల్చుకున్న వేడి అందులోంచి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది, కాబట్టి అసలు వేడి సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా గదిలోకి కురుస్తూనే ఉంటుంది. పైకప్పు కింద పేరుకున్న ఆ వేడిగాలిని ఫ్యాను కిందికి తోస్తోంది. మీకు వేడిగాలి కొట్టడానికి కారణం ఇదే గాని ఫ్యాను చెడిపోయి కాదు.

మీ ప్రాంతపు మట్టిమిద్దెలలో ఈ బాధ తక్కువ. దూలాల మీద మందంగా పరిచిన మట్టి పగటి వేడిని లోపలికి చేరనివ్వదు. పాత మద్రాసు ఇళ్ళలో కూడా టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చి, దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన దట్టమైన పొర వేసి, పైన చదునైన ఎర్ర పెంకులు పరిచేవారు. మద్రాసు టెర్రస్ అని ఇంజనీర్లు పిలిచే కప్పు అది. మైలాపూరు, జార్జిటౌన్ వీధుల్లో అలాంటి ఇళ్ళు ఇంకా కొన్ని నిలిచి ఉన్నాయి. ఖర్చు తగ్గించడానికి ఆ పై పొరలన్నీ మానేసి ఉత్త కాంక్రీటు వదిలేసిన అద్దె ఇళ్ళలోనే ఈ తిప్పలన్నీ. ఇప్పుడు మీరు మందమైన పొర వేయించలేరు, కాని ఎండను వెనక్కి తిప్పి పంపే తెల్లని పూత వేయగలరు.

డాబాకు సున్నం పూయడమే మీ ఆరు వేలలో అన్నిటికంటే విలువైన ఖర్చు. ముదురు రంగు తేలిన పాత కాంక్రీటు మే మధ్యాహ్నం 60 డిగ్రీల దాకా కాగుతుంది. తెల్లని ఉపరితలం ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది కాబట్టి శ్లాబు అంత కాగదు. లోపలి గాలిలో తేడా రెండు మూడు డిగ్రీలే అనిపించవచ్చు, కాని పైకప్పు నుంచి నేరుగా మన మీద పడే సెగ తగ్గడం వల్ల ఒంటికి తెలిసే హాయి ఆ అంకె కంటే ఎక్కువగా ఉంటుంది. మార్కెట్లో కూల్ రూఫ్ పెయింట్లు వచ్చాయి, అవి మంచివే, కొన్నేళ్ళు మన్నుతాయి కూడా, అయితే వాటి ధర సున్నానికి చాలా రెట్లు. మీ బడ్జెట్‌కు సున్నమే తగినది. మీరూ మీవారూ కలిసి చేసుకుంటే సున్నం, జిగురు, బ్రష్షులు అన్నీ పదిహేను వందలలో ముగించవచ్చు.

పద్ధతి శ్రద్ధగా వినండి, ఎందుకంటే తొందరపడి పూసిన సున్నం నెల తిరగకుండానే పొడిగా రాలిపోతుంది. మొదట డాబా ఊడ్చి, పాచి ఉన్నచోట ఇనుప బ్రష్షుతో గీకి, పగుళ్ళుంటే సిమెంటుతో పూడ్చి ఆరనివ్వండి. గుల్ల సున్నం దొరికితే అది తీసుకోండి, దొరకకపోతే పెయింటు కొట్లలో అమ్మే సున్నపు పొడి కూడా పనికొస్తుంది. దాన్ని ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళతో కలిపి రాత్రంతా నాననిచ్చి, మర్నాడు పాత నూలు గుడ్డలో వడకట్టండి. పలుకులు మిగిలితే పూత ఊడేది అక్కడి నుంచే. సున్నానికి పట్టు ఉండేందుకు ఆ కొట్టువారే ఇచ్చే తెల్ల జిగురును చెప్పిన పాళ్ళలో కలపండి. పూత పల్చని మజ్జిగలా ఉంటే చాలదు, బ్రష్షు ముంచి ఎత్తితే ధారగా కాక నెమ్మదిగా జారాలి. ఎంత సున్నం పడుతుందో ముందుగా తెలుసుకోవాలంటే ఒక మూల గజం చదరంలో పూసి చూసి, ఆ లెక్కన మొత్తానికి కొనుక్కోండి.

పూసేది సాయంత్రం నాలుగున్నర దాటాక. నేలను కొద్దిగా తడిపి, మొదటి పూత ఒక దిక్కుగా, మర్నాటి సాయంత్రం రెండో పూత దానికి అడ్డంగా వేసి, తరువాత రెండు మూడు రోజులు ఉదయం సాయంత్రం పైపైన నీళ్ళు చిలకరిస్తే పూత గట్టిపడుతుంది. పిట్టగోడ లోపలి వైపు కూడా పూయండి. సున్నం కళ్ళలో పడితే చాలా ప్రమాదం కాబట్టి కళ్ళద్దాలూ చేతి తొడుగులూ లేకుండా కలపవద్దు, బాబును ఆ రెండు రోజులూ డాబా ఎక్కనివ్వవద్దు. మరో సంగతి: తమిళనాడులో 2003 నుంచి వాననీటి సంరక్షణ ప్రతి భవనానికీ తప్పనిసరి, అందువల్ల మీ డాబా నీళ్ళు కూడా ఏ బావిలోకో సంపులోకో పోతూ ఉండవచ్చు. అలా అయితే పూత వేశాక పడే మొదటి వాననీటిని లోపలికి పోనివ్వకుండా బయటికి మళ్ళించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు ఈ తెలుపు మాసిపోతుంది, పాచి కూడా పడుతుంది. కాబట్టి సంక్రాంతి వెళ్ళాక ఏటా ఒకసారి మళ్ళీ పూసుకోవాలి. ఈ ఏటికి ఉగాది ఇల్లు దులుపుకునే పనితో కలిపి చేసేయండి.

ఇంటి యజమాని ఒప్పుకోవాలి కదా అని మీరు అడగవచ్చు. ఖర్చు మాది, పని మాది అని చెప్పి, ఎండకు శ్లాబు వ్యాకోచించి రాత్రి సంకోచించే తీవ్రత తగ్గితే పగుళ్ళూ కారడాలూ తగ్గి ఆయన భవనానికే మేలని వివరించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే ప్రకటించిందని, ఇది ఎవరో చెప్పిన చిట్కా కాదని కూడా చెప్పండి. డాబా మీద బట్టలారేసుకునే మిగతా వాటాల వారికి కూడా ఒక మాట ముందే చెబితే మంచిది, తెలుపు మీద ఎండ కళ్ళకు కొడుతుందని వారు తరువాత నొచ్చుకోకుండా ఉంటారు.

డాబా మీద నల్లటి ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు ఉంటే మధ్యాహ్నం కుళాయిలో కాగిన నీళ్ళు వస్తుంటాయి. మిగిలిన సున్నం దానికి అంటదు. తెల్లని పాత దుప్పటి చుట్టి తాడుతో బిగించినా, పైన గజం ఎత్తున గ్రీన్ నెట్, అంటే నీడ కోసం కట్టే ఆకుపచ్చ వల, కట్టినా అత్తగారు స్నానానికి ఇబ్బంది పడరు. పడకగది సరిగ్గా ఏ భాగం కింద ఉందో చూసుకుని ఆ మేరకు డాబా మీద కూడా, నేలకు ఆనకుండా నాలుగైదు అడుగుల ఎత్తున, అలాంటి నెట్ కట్టగలిగితే సున్నం మీద అదనపు రక్షణ. కొబ్బరాకుల పందిరి అంతకంటే చల్లన, కాని దగ్గర దగ్గరగా ఇళ్ళున్నచోట ఒక్క నిప్పురవ్వ చాలు, కాబట్టి వద్దు. శ్లాబు మీద తడి గోనెలు పరిచే పద్ధతి నిజంగానే పనిచేస్తుంది, అది బయట ఆవిరయ్యే నీరు కాబట్టి గదిలో తేమ కూడా పెరగదు. అయితే 2019 వేసవిలో చెరువులన్నీ ఎండిపోయి ట్యాంకర్ల కోసం బిందెలతో బారులు తీరిన ఊరు ఇది. మంచినీళ్ళు ఆ పనికి వాడమని నేను చెప్పలేను.

పడమటి గోడకు వస్తే, ఒక్క నియమం గుర్తుంచుకోండి: నీడ కిటికీకి బయట ఉండాలి. లోపల ఎంత మందం పరదా వేసినా ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది, పరదా కాగి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. కిటికీకి బయట వెదురు చిక్కు (సన్నని బద్దలతో అల్లిన తెర) గానీ గ్రీన్ నెట్ గానీ వేలాడదీసి, గాలికి కొట్టుకోకుండా అడుగున కూడా రెండు వైపులా తాళ్ళతో బిగించండి. గోడకూ దానికీ మధ్య జానెడు ఖాళీ ఉంటే వేడిగాలి పైకి పోతుంది. రెండో అంతస్తు కాబట్టి కిటికీలోంచి వంగి కట్టే సాహసం మీరు చేయకండి, పెయింటర్లకో కేబుల్ పనివారికో నూటయాభై ఇచ్చి చేయించుకోండి. లోపల బీరువానూ పుస్తకాల అలమరనూ పడమటి గోడ వైపుకు జరిపి, మంచాన్ని ఎదుటి గోడ దగ్గరికి మార్చండి. దీనికి ఖర్చు లేదు, ఈ రోజే చేయవచ్చు.

ఇప్పుడు దోమతెరల సంగతి. వేసవి చల్లదనం గురించి రాసేవారు దీన్ని సాధారణంగా పట్టించుకోరు, కాని చెన్నైలో సగం ఇళ్ళు రాత్రి ఉడికిపోవడానికి దోమలే కారణమని నా గట్టి నమ్మకం. సాయంత్రం ఆరింటికి సముద్రపు గాలి వీధిలో హాయిగా వీస్తున్న వేళ, దోమలు వస్తాయని భయపడి ప్రతి ఇంట్లోనూ కిటికీలు ధడాలున మూసేస్తారు. శ్లాబు తన వేడినంతా దించే గంటల్లో ఆ వేడి బయటికి పోయే దారి లేకుండా మనమే గడియ వేసుకుంటున్నాం. వెల్‌క్రోతో అంటించే దోమతెరలు కిటికీ కొలతకు కత్తిరించి ఇచ్చేవారు ప్రతి పేటలోనూ ఉన్నారు, మీరే వల కొని కుట్టుకుంటే ఇంకా చవక. పడకగది కిటికీకీ దానికి ఎదురుగా హాలులో ఉన్న కిటికీకీ ముందు వేయించండి. వల మీద దుమ్ము పడితే గాలి సగం ఆగిపోతుంది కాబట్టి పక్షానికొకసారి విప్పి ఉతకండి.

తెరలు వచ్చాక కిటికీలు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నది గడియారాన్ని బట్టి కాక గాలిని బట్టి నిర్ణయించుకోండి. బయటి గాలి లోపలి కంటే చల్లగా ఉన్నంతసేపూ తెరిచి ఉంచడం, వేడిగా ఉన్నంతసేపూ మూసి ఉంచడం, అంతే. ఎండ ఎక్కే ముందు, అంటే ఉదయం ఎనిమిదిన్నర తొమ్మిది ప్రాంతంలో, పడమటి కిటికీలు మూసేయండి. తీరం దగ్గర తిరువాన్మియూరు, ట్రిప్లికేన్ వైపు సముద్రపు గాలి చాలా రోజులు మధ్యాహ్నానికే అందుకుంటుంది. అంబత్తూరు, ఆవడి వైపు రావడానికి ఇంకొంత ఆలస్యమవుతుంది, పడమటి గాలి బలంగా ఉన్న రోజు మరీ ఆలస్యం. 2003 మే నెలాఖరులో చెన్నైలో 45 డిగ్రీలు నమోదైనప్పటిలాంటి రోజులు సముద్రపు గాలి సమయానికి రాని రోజులే. డాబా మీద ఆరేసిన బట్టలు ఏ దిక్కుకు ఊగుతున్నాయో చూస్తే చాలు. పడమటికి ఊగడం మొదలైతే తూర్పు గాలి వచ్చిందని అర్థం, వెంటనే తూర్పు వైపు కిటికీలు తెరవండి. రాత్రి భోజనాలయ్యాక టేబుల్ ఫ్యాను ఉంటే దాన్ని పడకగది కిటికీలో ముఖం బయటికి ఉండేలా పెట్టి గంటసేపు తిప్పండి. లోపలి వేడిగాలిని అది బయటికి తోస్తుంటే హాలు కిటికీలోంచి చల్లగాలి లోపలికి వస్తుంది.

పైన తిరిగే ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటి మీది చెమటను ఆర్చి మనిషిని చల్లబరుస్తుంది. గదిలో ఎవరూ లేనప్పుడు అది తిరగడం వల్ల ప్రయోజనం ఏమీ లేదు. మీ ఫ్యాను ఐదులో పెట్టినా నీరసంగా తిరుగుతుంటే ముందు రెక్కల మీది దుమ్ము తుడిచి చూసి, అప్పటికీ మార్పు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో కెపాసిటర్ మార్పించండి. వంద రూపాయల లోపు దొరికే ఆ చిన్న డబ్బీ బలహీనపడటం వల్లే చాలా ఫ్యానుల వేగం తగ్గుతుంది. ఆరు వేలలో రెండున్నర మూడు వేలు మిగిలితే పడకగదికి బీఎల్‌డీసీ ఫ్యాను కొనండి. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకునే చోట ఇది 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు ఇరవై గంటలు తిరిగితే రెండు నెలల బిల్లులో యాభై యూనిట్లకు పైగా తేడా వస్తుంది. యజమాని సబ్ మీటర్ పెట్టి ప్రతి యూనిట్‌కూ ఒకే హెచ్చు ధర కట్టించుకుంటుంటే ఈ తేడా మీకు మరింత తెలుస్తుంది.

వంటింటి విషయం క్లుప్తంగా చెబుతాను. పొయ్యి పనులు ఉదయం తొమ్మిదిలోపు ముగించి, సాయంత్రానికి పెరుగన్నం, మజ్జిగ చారు, నానబెట్టిన పెసరపప్పు లాంటివి ఉంచుకుంటే ఇంట్లో ఒక పెద్ద సెగ తగ్గుతుంది. ఫ్రిజ్ వెనుక గోడకు ఆరంగుళాలు ఖాళీ ఇచ్చి దుమ్ము దులపండి. పడకగదిలో ఉంటే హాలులోకి మార్చండి, అది లోపల లాగిన వేడినంతా వెనుక నుంచి గదిలోకే వదులుతుంది.

అత్తగారి గురించి మాత్రం కొంచెం ఎక్కువ జాగ్రత్త అవసరం. వయసు మీరిన వారికి చెమట తక్కువ, దాహం ఆలస్యంగా తెలుస్తుంది, అడిగితేనే నీళ్ళు తాగుతారు. రాత్రుళ్ళు పడుకునే చోటు ఎండలు తగ్గేదాకా హాలుకు మార్చండి. ఫోమ్ పరుపు ఒంటి వేడిని అట్టే పట్టి ఉంచుతుంది. నవారు మంచం మీద పల్చని నూలు దుప్పటి గానీ, ఆమెకు కింద కూర్చుని లేవడం కష్టం కాకపోతే తుంగచాప గానీ మేలు. మధ్యాహ్నం మరీ ఉక్కగా ఉంటే తడి తువ్వాలుతో మెడా చేతులూ కాళ్ళూ తుడిచి ఫ్యాను కింద కూర్చోబెట్టండి. ఇది గదిని తడపడం కాదు, ఒంటిని తడపడం, కాబట్టి చెన్నైలో కూడా పనిచేస్తుంది. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఉత్త ఫ్యాను గాలి మేలు చేయకపోగా ఒంటిని ఇంకా కాల్చవచ్చు. అలాంటి మధ్యాహ్నాలు కింది వాటా వారితో మాట్లాడి ఆమెనూ బాబునూ అక్కడ కూర్చోబెట్టడంలో మొహమాటపడకండి. ఆమె బీపీకో గుండెకో మాత్రలు వాడుతుంటే, అందులో నీరు తీసే మాత్ర ఉంటే, ఎండాకాలంలో నీళ్ళూ ఉప్పూ ఎంత తీసుకోవాలో డాక్టరును ముందే అడగండి. మాట తడబడినా, మనిషి మగతగా ఉన్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది మామూలు నీరసం కాదు. వెంటనే 108కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేదాకా ఒళ్ళంతా తడుపుతూ విసురుతూ ఉండాలి. మగతలో ఉన్నవారి నోట్లో నీళ్ళు పోయకూడదు. తమిళనాడు ప్రభుత్వం 2024లో వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఇంట్లో పెద్దవారు ఉన్నవారు దీన్ని అంత గట్టిగానూ తీసుకోవాలి.

థర్మకోల్ ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. అది వేడిని కొంత అడ్డుకునే మాట నిజమే. కాని శ్లాబు కింద అంటించిన థర్మకోల్ నిప్పు తగిలితే గబుక్కున కరిగి అంటుకుంటుంది, నల్లటి విషపు పొగ వదులుతుంది. వంటింటికీ పడకగదికీ పది అడుగుల దూరం కూడా లేని ఇంట్లో, పసివాడూ పెద్దావిడా ఉన్నచోట దాన్ని తలకు పైన వేలాడదీయమని నేను చెప్పను. దాని వల్ల శ్లాబు కాగడం తగ్గదు, ఎలుకలూ బొద్దింకలూ మాత్రం దాని పైన చేరతాయి.

ఏసీ విషయంలో మీవారి ఆరాటాన్ని నేను అర్థం చేసుకోగలను, రాత్రి నిద్ర లేకుండా ఉదయం పనికి వెళ్ళే మనిషి అలా అనుకోవడం సహజం. అయితే కాగిన శ్లాబు కింద పాత ఏసీ పెడితే దాని కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఒకటిన్నర టన్నుల పాత యంత్రం గంటకు ఒకటిన్నర యూనిట్ల దాకా తీసుకుంటుంది, రాత్రికి ఎనిమిది గంటలు వేసుకుంటే రెండు నెలల బిల్లుకు ఐదారు వందల యూనిట్లు దాటడం పెద్ద విశేషం కాదు, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పైమెట్టుకు ఎక్కుతుంది. పాత అద్దె ఇళ్ళ వైరింగ్ ఆ భారాన్ని మోయగలదో లేదో కూడా చూడాలి. ఈ వేసవికి సున్నమూ నీడా తెరలూ అమర్చుకుని, నెలకు కొంత దాచుకుని, వచ్చే ఏడాది కూడా అవసరమనిపిస్తే కొత్తదే, ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం తగ్గించుకునేది), ఐదేళ్ళ పూచీతో కొనండి. 27 డిగ్రీల దగ్గర పెట్టి పైన ఫ్యాను మెల్లగా తిప్పుకుంటే సరిపోతుంది. ఒక్కో డిగ్రీ పెంచినప్పుడల్లా సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. అప్పటికి తెల్లబడిన కప్పు కింద చిన్న ఏసీయే చాలినంత పని చేస్తుంది.

ఇల్లు మారడం గురించి: ఈ వేసవి మధ్యలో సామాన్లు మోసుకుని అడ్వాన్సు కోసం మళ్ళీ అప్పు చేయనక్కరలేదు. యజమాని డాబాకు సున్నం వేయనివ్వనంటే మాత్రం, పదకొండు నెలల అగ్రిమెంట్ ముగిశాక మారడమే మంచిది. అప్పుడు పైన మరో అంతస్తు ఉన్న వాటా చూసుకోండి, దాని కోసం అద్దె రెండు మూడు వందలు ఎక్కువైనా ఒప్పుకోండి. పడకగది తూర్పుకో దక్షిణానికో ఉండాలి, తూర్పు కిటికీకి ఎదురుగా మరో కిటికీ ఉండాలి. బ్రోకర్లు ఇల్లు చల్లగా కనిపించే ఉదయం పూటే చూపించాలని చూస్తారు, మీరు సాయంత్రం నాలుగు గంటలకే వస్తామని చెప్పి, వెళ్ళాక గోడల మీద చెయ్యి ఆనించి చూసి, ఆ తరువాతే అడ్వాన్సు మాట ఎత్తండి.